కుర్చీలు పంచుకుందం సరే, ఖాళీ కొలువుల సంగతేంది?

సర్కారు ఆఫీసులు మారాలె అంటున్నరు. మారాలె, మేము కాదనం. పెచ్చులూడే గోడలు, బీరువాల మీద మూటలు మూటలుగ కట్టిన ఫైళ్లు, ఫ్యాన్ తిరిగితే లేచే దుమ్ము, ఆడ ఉద్యోగులకు సరైన బాత్రూం లేని మండల ఆఫీసులు - ఇవన్నీ చూసి చూసి యాష్టకొచ్చినోళ్లం మనం. మంచి వెలుతురు, మంచి గాలి, మంచి కంప్యూటర్లు ఉన్న ఆఫీసు వద్దని ఎవడంటడు?

కానీ మార్పు పేరు మీద ఇప్పుడొక కొత్త పాఠం నడుస్తున్నది. ఉద్యోగికి సొంత సీటు ఎందుకు? గది ఎందుకు? అడ్డుగోడలు తీసేసి పెద్ద హాలు చేయుండ్రి. ఎవరు ముందొస్తే వాళ్లు ఖాళీగ ఉన్న టేబుల్ కాడ కూసుంటరు. సాయంత్రం ల్యాప్‌టాప్ సంచిల పెట్టుకొని లేచిపోతరు. రేపటి సంగతి రేపు. దీనికి హాట్ డెస్కింగ్ అని, ఫ్లెక్సిబుల్ వర్క్‌స్పేస్ అని ఇంపైన పేర్లు పెట్టిండ్రు. జాగా మిగులుతదట, కిరాయి మిగులుతదట, ఉద్యోగులు ఒకరితోని ఒకరు కలిసి పనిచేస్తరట.

బ్రిటన్ సర్కారు దీన్ని ఎన్నడో మొదలుపెట్టింది. ఢిల్లీల 2025 ఆగస్టు 6న ప్రారంభమైన కర్తవ్య భవన్‌ల కూడా గోడలు తగ్గి హాళ్లు పెరిగినయి. ఇక హైదరాబాద్ సంగతి చెప్పేదేముంది? గంటల లెక్కన, నెలల లెక్కన సీట్లు కిరాయికిచ్చే దుకాణాలు మాదాపూర్, గచ్చిబౌలిల అడుగడుగునా ఉన్నయి. ఆ గాలి మన కలెక్టరేట్లకు, కమిషనరేట్లకు రాదు అనుకునుడు అమాయకత్వం. వచ్చినంక మొత్తుకునుడు కాదు, రాకముందే మన మాట చెప్పాలె. అందుకే ఈ ముచ్చట.

మా మాట ఒక్కటే. కుర్చీ పంచుకునుడు తప్పు కాదు. ఖాళీ కుర్చీని లెక్కల నుంచి మాయం చేసుడు తప్పు. కుర్చీతోని పాటు జవాబుదారీని మాయం చేసుడు ఇంకా పెద్ద తప్పు.

కుర్చీ అంటే కర్ర సామాను కాదు

వేరే రాష్ట్రాలల్ల ఆఫీసు కుర్చీ ఒక సామాను కావచ్చు. తెలంగాణల కుర్చీ ఒక చరిత్ర. 1952ల ముల్కీ ఉద్యమం దేనికోసం? సిటీ కాలేజీ కాడ తుపాకి గుండ్లకు పిల్లలు ఎందుకు ఒరిగిండ్రు? మా ఊరి కొలువుల మావాడు కూసోవాలె అన్నందుకే. 1969ల ఉద్యమం యాడ రాజుకున్నది? పాల్వంచ థర్మల్ స్టేషన్ల. స్థానికులకు దక్కాల్సిన కొలువులల్ల బయటోళ్లు కూసున్నరన్న మంట అది. అక్కడ అంటుకున్న నిప్పు ఉస్మానియా దాకా వచ్చింది, రాష్ట్రమంతా పాకింది.

తర్వాత కాయితాలు చూడుండ్రి. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1973 ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో. అన్నిటి సారం ఒక్కటే: ఏ కుర్చీల ఎవరు కూసోవాలె? ఐదు, ఆరు జోన్లల్ల అక్రమంగ కూసున్నోళ్లను 1986 మార్చి 31 లోపల వెనక్కి పంపుతమని 610 జీవోల రాసుకున్నరు. 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వేసేనాటికి ఆ గడువు దాటి పదిహేనేండ్లయింది. పంపాల్సినోళ్లు పోలే. కుర్చీలు ఖాళీ కాలే.

ఇక్కడ మన పిల్లలు, ముఖ్యంగ పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు, ఒక సంగతి గమనించాలె. 1975 ఉత్తర్వు 14వ పేరాల కొన్నిటిని స్థానిక రిజర్వేషన్ నుంచి మినహాయించిండ్రు. సచివాలయం, శాఖాధిపతుల ఆఫీసులు, ప్రత్యేక ఆఫీసులు, రాష్ట్రస్థాయి సంస్థలు, భారీ ప్రాజెక్టులు, హైదరాబాద్ నగర పోలీసు. అంటే ఉద్యోగం అదే, జీతం అదే, పని అదే. కానీ ఆఫీసు బోర్డు మీద పేరు మారితే స్థానికుడి హక్కు మారిపోయేది. జిల్లా ఆఫీసు అంటే మనకు వాటా. అదే సీటును రాష్ట్రస్థాయి ఆఫీసు అంటే అందరికీ తెరిచిన తలుపు. డిప్యుటేషన్ అనే ఒక్క మాటతోని ఎంతమంది ఎక్కడెక్కడ తేలిండ్రో ఆ రోజుల సర్కారు ఉద్యోగం చేసినోళ్లకు చెప్పనక్కర లేదు. నగర పోలీసు మినహాయింపునే పట్టుకొని 2009 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు తీర్పుతోని హైదరాబాద్‌ను ఫ్రీజోన్ అన్న రోజు సిద్దిపేట నుంచి ఉస్మానియా దాకా ఎట్ల భగ్గుమన్నదో మనకు యాదుంది.

అందుకే చెప్తున్నం. తెలంగాణల ఒక ఆఫీసు ఎక్కడుంది, దాంట్ల సీటు ఎవరిది అన్నది ఎన్నడూ ఇటుక, సిమెంటు ముచ్చట కాదు. అది హక్కుల ముచ్చట. ‘ఫ్లెక్సిబుల్’ అన్న మాట ఇప్పుడొచ్చింది కావచ్చు. ఆ పని మాత్రం మన మీద నలభై ఏండ్లు చేసిండ్రు. ఎటు కావాలంటే అటు వంచిండ్రు.

వాళ్లకు కుర్చీలు తక్కువ, మనకు మనుషులు తక్కువ

బ్రిటన్ ముచ్చట చూద్దం. కరోనా తగ్గినంక 2022 ఏప్రిల్‌ల అక్కడి మంత్రి జాకబ్ రీస్-మాగ్ ఆఫీసులల్ల తిరిగి, ఖాళీ టేబుళ్ల మీద ‘మీరు లేనప్పుడు వచ్చిన’ అన్నట్టు చీటీలు పెట్టిండు. అందరూ ఆఫీసుకు రావాలె అని సర్కారు ఒత్తిడి పెట్టింది. తీరా వచ్చినంక ఏమైంది? ఒక్క విద్యాశాఖలనే దాదాపు 8 వేలమంది ఉద్యోగులుంటే టేబుళ్లు 4,200 ఉన్నయని బయటపడ్డది. జనం వరండాలల్ల, క్యాంటీన్లల్ల కూసోని పనిచేసిన వార్తలొచ్చినయి. సగం కుర్చీలు ముందు తీసేసింది సర్కారే, ఎందుకు కూసుంటలేరని గద్దించింది కూడా సర్కారే.

ఢిల్లీల సంగతి. కర్తవ్య భవన్ ప్రారంభం నాడు ప్రధాని చెప్పిన ప్రకారం కేంద్రం ఆఫీసు కిరాయిలకే ఏటా 1,500 కోట్లు కడుతున్నది. ఆ సొమ్ము మిగిలితే మంచిదే. కానీ నెల తిరగకముందే కేంద్ర సచివాలయ ఉద్యోగుల వేదిక అభ్యంతరం చెప్పింది. సెక్షన్ ఆఫీసర్లను, అండర్ సెక్రటరీలను బహిరంగ హాలుల కూసోబెడితే రహస్య ఫైళ్లు ఎట్ల చూడాలె, ఫోన్ల ముఖ్యమైన మాట ఎట్ల మాట్లాడాలె అని అడిగింది. అది అసూయ కాదు, పని తెలిసినోళ్ల మాట.

ఇక మన లెక్క. బిస్వాల్ వేతన సవరణ సంఘం నివేదిక 2021 జనవరిల బయటికొచ్చింది. దాంట్ల రాష్ట్రంల మంజూరైన పోస్టులు 4,91,304 అని ఉన్నది. పనిచేస్తున్నోళ్లు 3,00,178. ఖాళీలు 1,91,126. నూటికి 39 కుర్చీలు ఖాళీ. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు పగిలేట్టు అరిచి తెచ్చుకున్న రాష్ట్రంల, ఆరున్నరేండ్లు నిండినంక వచ్చిన లెక్క ఇది.

అంటే ఏంది? లండన్‌ల పదిమందికి ఐదు టేబుళ్లు. ఇక్కడ పది టేబుళ్లకు ఆరుగురు మనుషులు. వాళ్ల రోగం వేరు, మన రోగం వేరు. వాళ్ల మందు తెచ్చి మనకు పోస్తే ఏమైతది? ఆరుగురే ఉన్నరు కాబట్టి ఆరు టేబుళ్లు చాలు అంటరు. హాలు ఆరుగురికి సరిపోయేట్టు కడతరు. ఇంకొంచెం తెలివి ఎక్కువైతే, రోజూ ఇద్దరు ఫీల్డుకు పోతరు కదా, నాలుగే చాలంటరు. ఆ తర్వాత ఏ నిరుద్యోగి వచ్చి ఆ నాలుగు ఖాళీలు ఎప్పుడు నింపుతరని అడిగితే, కూసోబెట్టడానికి జాగా ఏదని ఎదురడుగుతరు. పోస్టు కాయితం మీద ఉంటది. దాని కుర్చీ గోదాంల ఉంటది. ఇంకో ఐదేండ్లకు పోస్టు కూడా కాయితం మీద నుంచి జారిపోతది. ఉత్తర్వు ఇచ్చి రద్దు చేస్తే లొల్లి అయితది. బిల్డింగ్ ప్లాన్ గీసి రద్దు చేస్తే ఎవనికీ తెల్వది.

2022 మార్చి 9న అసెంబ్లీల 80,039 కొలువులు నింపుతమన్నరు. ఆ మాట నమ్మి పిల్లలు అశోక్‌నగర్‌ల, దిల్‌సుఖ్‌నగర్‌ల కిరాయి గదులల్ల చేరిండ్రు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌ల రాసిండ్రు. ప్రశ్నపత్రం లీకై 2023 మార్చిల రద్దయింది. 2023 జూన్‌ల మళ్లీ రాసిండ్రు. సెప్టెంబర్‌ల హైకోర్టు దాన్ని కూడా రద్దు చేసింది. ఆ పిల్లలకు పోయి, ఇగ సొంత సీటు పాత ఫ్యాషన్ అని చెప్పుండ్రి చూద్దం. వాళ్లకు ఇంకా మొదటి కుర్చే దొరకలే.

సీటు నంబర్ తెలిస్తేనే రైతుకు దారి తెలుస్తది

ఇప్పుడు ఆఫీసుకు వచ్చే మనిషి దిక్కు నుంచి చూద్దం. ఎందుకంటే ఆఫీసు కట్టింది ఉద్యోగి కోసం కాదు, ఆ మనిషి కోసం.

కలెక్టరేట్ల, తహసీల్ ఆఫీసుల పనిచేసినోళ్లకు తెలుసు. సెక్షన్లకు అక్షరాలుంటయి, ఆ సెక్షన్ల ఒక్కొక్క సీటుకు అంకె ఉంటది. ఎ1, బి2, ఇ3. పాత పద్ధతిల ఫైలు నంబరే ఆ సీటుతోని మొదలయ్యేది. తపాల వచ్చిన కాయితం ఏ సీటుకు పోయింది, ఆ సీటుల ఎన్ని రోజులుంది, ఎవరు కదిలించలేదు అన్నది రిజిస్టర్ తీస్తే తెలిసేది. ఊరి నుంచి వచ్చిన రైతు, ‘నా ఫైలు ఇ3 సారు కాడ ఉన్నది’ అని చెప్పగలిగేటోడు. ఇంగ్లీషు రాకున్నా, చదువు రాకున్నా ఆ సీటు మాత్రం తెలుసు. ఎందుకంటే అక్కడ నిలదీయొచ్చు.

సీటు అంటే జవాబుదారీ. రోజుకో తీరు మారే హాలుల ఆ రైతు ఎవరిని అడగాలె? పొద్దున కిటికీ కాడ కూసున్నాయన మధ్యాహ్నానికి ఇంకో అంతస్తుల ఉంటడు. రేపు ఆ జాగాల ఇంకో శాఖాయన ఉంటడు. ‘నాకు తెల్వదు, నేను ఇయ్యాళనే ఇక్కడ కూసున్న’ అనే జవాబు ఇప్పుడే మస్తుగ వింటున్నం. దానికి అధికారికంగ పట్టా ఇస్తరా?

అంతా కంప్యూటర్ల ఉంటది, ఫైలు మనిషిని వెతుక్కుంట పోతది అని కొందరంటరు. మంచిదే. ఇ-ఆఫీసు మన రాష్ట్రంల 2020ల మొదలైంది. ఫైలు ఎక్కడున్నదో లోపల ఉన్నోళ్లకు తెలుస్తది. బయట నిలబడ్డ మనిషికి తెలుస్తదా? లాగిన్ ఎవరికి ఉన్నది? తెర ఎవరి దిక్కు తిరిగి ఉన్నది? ఖాస్రా పహాణీ నకలు చేతుల పట్టుకొని, 1954-55ల తాత పేరు మీద ఉన్న భూమి ఇప్పుడెవరి పేరు మీదికి పోయిందని అడిగే మనిషికి తెర కాదు, ఎదురుంగ ఒక మొఖం కావాలె.

ఇంకో సంగతి. కొన్ని మాటలు హాలుల చెప్పేటివి కావు. భర్త చచ్చిపోయి కారుణ్య నియామకం కోసం వచ్చిన ఆడబిడ్డ, పై అధికారి వేధిస్తున్నడని ఫిర్యాదు పట్టుకొచ్చిన ఉద్యోగిని, లంచం అడిగిండని చెప్పడానికి వచ్చిన రైతు - వీళ్లు యాభైమంది మధ్యల నిలబడి నోరు తెరుస్తరా? వికలాంగ ఉద్యోగికి తన ఒంటికి సరిపోయే కుర్చీ, తన ఎత్తుకు తగ్గ టేబుల్ ఉంటేనే పని సాగుతది. ఆయనను కూడా పొద్దుగాల అందరితోని పరుగెత్తి సీటు పట్టుకోమంటరా?

ఊరి కుర్చీ తీసేసిన కథ

ఇదంతా ఊహ అనుకునేటోళ్లకు మన దగ్గర జరిగిన కథే చెప్తం. 2020 సెప్టెంబర్‌ల వీఆర్వో వ్యవస్థను రద్దు చేసిండ్రు. వాళ్లల్ల లంచగొండులు లేరని మేము అనం. ఉన్నరు, రైతులను సతాయించిండ్రు. కానీ దొంగ ఉన్నడని ఇల్లే కూలగొడతమా? ఒక్క రోజుల రికార్డులన్నీ తీసుకున్నరు. ఐదు వేలమందికి పైగా ఉద్యోగులు కుర్చీ లేని ఉద్యోగులైండ్రు. దాదాపు రెండేండ్లు పేరుకు కొలువు, చేతిల పని లేదు. 2022ల వాళ్లను చీటీలు తీసి రకరకాల శాఖలకు పంచిండ్రు. భూమి కొలతలు తెలిసినోడు, ఊరి పొలిమేర తెలిసినోడు పోయి ఇంకేదో శాఖల జూనియర్ అసిస్టెంట్‌గ కూసున్నడు. ఫ్లెక్సిబుల్ అంటే ఇంతకంటే ఏముంటది?

మరి ఊళ్లె ఏమైంది? 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. తెర మీద తప్పు పడితే దిద్దే మనిషి ఊళ్లె లేడు. రైతు తహసీల్ ఆఫీసుకు, అక్కడి నుంచి కలెక్టరేటుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తిరిగిండు. అప్పటి సర్కారు 2023ల ఓడిపోయింది, ధరణి గోస దాని మెడకు చుట్టుకున్నది. 2025 ఏప్రిల్ 14న ధరణి పోయి భూభారతి వచ్చింది. 2025 సెప్టెంబర్‌ల ఐదు వేలమందికి పైగా గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలిచ్చిండ్రు. అంటే ఐదేండ్ల తర్వాత ఊరి కుర్చీని ఊరికే తెచ్చి వేసిండ్రు. వాళ్లల్ల శానామంది పాత వీఆర్వోలు, వీఆర్ఏలే.

ఈ ఐదేండ్ల నష్టం ఎవరి ఖాతాల రాస్తరు? కుర్చీ తీసేసుడు ఒక్క పూట పని. మళ్లీ వేసుడు ఐదేండ్ల పని. ఆఫీసులను మారుస్తమనేటోళ్లు ఈ పాఠం గోడకు రాసి పెట్టుకోవాలె.

పంచుకోవాల్సినవి ఉన్నయి, పంచుకుందం

మేము గుడ్డిగ అడ్డం పడుతలేము. పంచుకుంటే లాభమున్నకాడ పంచుకోవాలె. 2016 అక్టోబర్‌ల పది జిల్లాలు ముప్పై ఒకటైనయి, 2019ల ముప్పై మూడు. కొత్త జిల్లాలల్ల ఆఫీసులు ఎక్కడెక్కడ నడిచినయో అందరం చూసినం. ఒకటి హాస్టల్ల, ఒకటి మార్కెట్ కమిటీ గదుల, ఒకటి కిరాయి ఇంట్ల. తర్వాత సమీకృత కలెక్టరేట్లు కట్టిండ్రు. 2021 జూన్‌ల సిద్దిపేట, కామారెడ్డితోని మొదలుపెట్టి ఒక్కొక్క జిల్లాల తెరిచిండ్రు. వ్యవసాయం, సంక్షేమం, విద్య, రెవెన్యూ ఒక్క కప్పు కింద ఉంటే జనానికి తిరుగుడు తప్పుతది. అది మంచి పని, మేము మెచ్చుకుంటం. కొన్ని ఊరికి దూరంగ, ఆటో దొరకని జాగాలల్ల కట్టిండ్రు. అది మాత్రం మెచ్చుకోం.

రైతువేదికలు చూడుండ్రి. ఐదు వేల ఎకరాలకొకటి అని రాష్ట్రమంతా 2,601 కట్టిండ్రు. అది అసలైన పంచుకునే జాగా. కానీ వ్యవసాయ విస్తరణ అధికారి అక్కడ కూసుంటనే దానికి ప్రాణం. ఆ కుర్చీ ఖాళీగ ఉంటే అది తాళం వేసిన హాలు.

టీ-హబ్ లెక్క ఉండాలె సర్కారు ఆఫీసు అని కొందరు యువకులు కూడా అంటున్నరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆలోచించుండ్రి. టీ-హబ్ 2015ల మొదలైంది, 2022ల రాయదుర్గంల పెద్ద భవనానికి మారింది. అక్కడ సీట్లు పంచుకునుడు సరైందే. ముగ్గురు దోస్తులు కలిసి పెట్టిన కంపెనీ ఆరునెలలకు ముప్పైమంది కావచ్చు, మూతపడనూవచ్చు. సీటు పెరగాలె, తగ్గాలె. తహసీల్ ఆఫీసు అట్లాంటిది కాదు. అది ఆరునెలలకు మూతపడదు. మీ తాత పోయిండు, మీ నాయన పోయిండు, రేపు మీ బిడ్డ పోతది. రెండిటికీ ఒకటే కొలత పెట్టుడు తెలివి కాదు.

సచివాలయం సంగతి కూడా చెప్పాలె. 2020 జూలైల పాత సచివాలయం కూలగొట్టిండ్రు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం నాటి జీ బ్లాకు కూడా మట్టిల కలిసింది. కొన్ని బ్లాకులకు ఇరవై ఏండ్లు కూడా నిండలే. అప్పటికే 2019ల శాఖలను బూర్గుల భవన్‌కు, ఇంకా వేరే వేరే ఆఫీసులకు తరలించి ఇరుకిరుకుగ సర్దిండ్రు. 2023 ఏప్రిల్ 30న కొత్తది తెరిచేదాక ఉద్యోగులు అట్లనే నెట్టుకొచ్చిండ్రు. దానికి అంబేద్కర్ పేరు పెట్టిండ్రు, మంచిదే. కానీ ఆ పేరున్న భవనం తలుపు కాడ పేదోడు పాస్ కోసం నిలబడి, లోపలికి పిలిచేటోడు లేక వాపస్ పోతే, ఆ పేరుకు అర్థమేముంది?

ఉద్యోగ సోదరులకు కూడా ఒక మాట

2011ల సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా 42 రోజులు సకల జనుల సమ్మె చేసిన ఉద్యోగులు మీరు. జీతం లేకున్నా, దసరా పండుగకు పిల్లలకు బట్టలు కొనకున్నా నిలబడ్డరు. ఆ గౌరవం మీకు జన్మంత ఉంటది. కానీ ఆ గౌరవాన్ని కుర్చీకి కప్పిన తువ్వాల చేసుకోవద్దు. కుర్చీ మీద తువ్వాల, టేబుల్ మీద కళ్లద్దాలు పెట్టి, సారు ఇప్పుడే బయటికి పోయిండు అనిపించుకునే తీరు ఎంతకాలం? ఖాళీ కుర్చీ ఫొటో చూపించి, ‘చూసిండ్రా, వీళ్లకు సీటు ఎందుకు?’ అనే అవకాశం మీరే ఇస్తున్నరు. మీ సీటును కాపాడేది సంఘం తీర్మానం కాదు, మీ సీటు కాడికి వచ్చి పని చేసుకొని పోయిన రైతు.

ఇంకో మాట. మీ పక్కనే కూసున్న అవుట్‌సోర్సింగ్ పిల్లను చూడుండ్రి. కంప్యూటర్ ఆమెదే, పని ఆమెదే, కుర్చీ మాత్రం ఎవరిదో. ఏజెన్సీ మారితే మనిషి మారుతది. జీతం ఎప్పుడొస్తదో తెల్వదు. ఆమె బతుకు ఇప్పటికే ఫ్లెక్సిబుల్. మీరు ఇయ్యాళ ఆమె గురించి మాట్లాడకుంటే, రేపు మీ గురించి మాట్లాడేటోడు ఉండడు. 2021 డిసెంబర్‌ల 317 జీవో వచ్చినప్పుడు సొంత జిల్లా పోగొట్టుకున్న టీచర్లను, భార్య ఒక జిల్లాల భర్త ఒక జిల్లాల పడ్డ కుటుంబాలను యాది చేసుకోండ్రి. మనిషిని పావు లెక్క కదపొచ్చు అనుకున్నంక, కుర్చీని కదపడానికి ఎంతసేపు?

మా డిమాండ్లు

ఆఫీసులను మార్చుండ్రి. కానీ ఈ షరతులు రాసుకొని మార్చుండ్రి.

ఒకటి: ఏ ఆఫీసు ప్లాన్ గీసినా మంజూరైన పోస్టుల లెక్కతోని గీయాలె. ఇయ్యాళ కూసున్న తలకాయల లెక్కతోని కాదు. ఖాళీ పోస్టుకు ఖాళీ కుర్చీ వేసి, దాని మీద ‘ఈ పోస్టు ఫలానా తేదీ నుంచి ఖాళీ’ అని బోర్డు పెట్టాలె. జనం చూడాలె.

రెండు: జనంతోని పని ఉండే ప్రతి సీటు స్థిరంగ ఉండాలె. పేరు, సీటు నంబర్, ఫోన్ నంబర్, పని ఎన్ని రోజులల్ల అయితదో తెలుగుల, ఉర్దూల రాసి పెట్టాలె. ఇ-ఆఫీసు తెర ఒకటి జనం దిక్కు తిరిగి ఉండాలె.

మూడు: మీటింగ్ హాళ్లు, శిక్షణ గదులు, వాహనాలు, భోజనాల గది, పసిపిల్లల గది - ఇవన్నీ శాఖలు పంచుకోవాలె. పెద్ద సార్ల విశాలమైన చాంబర్లతోని మొదలుపెట్టాలె. గోడలు కూలగొట్టుడు కింది నుంచి కాదు, పై నుంచి మొదలు కావాలె.

నాలుగు: ఫిర్యాదులు, విజిలెన్స్, సర్వీసు రికార్డుల సెక్షన్లకు తలుపున్న గది ఉండాలె. వికలాంగ ఉద్యోగుల సీటును ఎవరూ కదపొద్దు.

ఐదు: 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఏ పోస్టు ఏ జిల్లా, ఏ జోన్ క్యాడర్‌ల ఉన్నదో ఆ ఆఫీసు గోడ మీదనే రాయాలె. సీటు కదిలినా క్యాడర్ కదలొద్దు. ఆఫీసులను కలిపినం అనే పేరు మీద 95 శాతం స్థానిక వాటాకు గండి పెట్టొద్దు.

ఆరు: కిరాయి మిగిలిందంటే ఎంత మిగిలిందో, అది దేనికి ఖర్చు పెట్టిండ్రో ఏటా అసెంబ్లీల చెప్పాలె. ఆ పైసలతోని ముందు మండల ఆఫీసులల్ల బాత్రూంలు, మంచినీళ్లు, ముసలోళ్లు కూసోవడానికి బల్లలు రావాలె.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఇయ్యాళ నీడపట్టున ఒక బల్ల లేక, తహసీల్ ఆఫీసు మెట్ల మీద కొంగు పరుచుకొని కూసునే అవ్వ ఉన్నది. పింఛన్ కాయితం చేతుల పట్టుకొని సారు కోసం చూస్తున్నది. ఆమెకు కూసోవడానికి జాగా ఇయ్యని ఆధునికత మనకెందుకు?

రాష్ట్రం కోసం కొట్లాడిన నాడు మనం అద్దాల మేడలు అడగలే. మన ఆఫీసుల మన మనిషి కూసోవాలె, మన భాషల మాట్లాడాలె, మన పని చేసి పెట్టాలె అని అడిగినం. ఆ మనిషి కూసునే కుర్చీని ముందు నింపుండ్రి. తర్వాత దాన్ని గుండ్రంగ చేస్తరో, చక్రాలు పెడతరో, పదిమందికి పంచుతరో కూసోని మాట్లాడుకుందం.

జై తెలంగాణ!